చేటెడు తవుడు

బతికే ఉన్నానని చెప్పుకోవడానికి పెంటయ్య రెండు బస్సులు మారి వచ్చాడు. రేషన్ కార్డు, ఓటరు కార్డు, పెళ్ళినాటి ఫోటో ఒక ప్లాస్టిక్ సంచీలో పెట్టుకుని, నాగావళి ఒడ్డున ఉన్న కుటుంబ రికార్డుల కేంద్రంలో పొద్దున్నుంచీ బల్ల మీద కూర్చున్నాడు. మనిషి ఎదురుగా కూర్చుని రొప్పుతూంటే నువ్వు బతికున్నావా లేదా అని ఎవరైనా అడుగుతారా? ఎందుకడగరు, ఆ మేడ కట్టిందే అందుకు.

తెర మీద అతని పేరు పక్కన ఎర్ర అక్షరాలతో సవరణ ఉంది. 'ఈ బిడ్డ శైశవంలోనే మృతి. ప్రస్తుతం ఈ పేరుతో ఉన్న వ్యక్తి వేరు.'

ఆ సవరణ రాసింది మనిషి కాదు, ఆనవాలు అనే యంత్రం. దాన్ని కనిపెట్టింది డాక్టర్ రౌతు హైమావతి, ఆ కేంద్రానికి ముఖ్య శాస్త్రవేత్త. పాత జనన రిజిస్టర్లలో చదువురాని తల్లులు వేసిన వేలిముద్రలు ఉంటాయి కదా, ఆ సిరాలో చిక్కుకున్న చర్మపు పొట్టు వందేళ్ళయినా చెడదనీ, దాన్ని చదివితే రక్తసంబంధం తెలుస్తుందనీ ఆమె ఇరవై ఎనిమిదో ఏట తేల్చింది. రిజిస్టరు పుటని గాజు పలక కింద పెడితే సన్నటి వెలుగు ముద్ర మీద మెల్లగా పాకుతుంది. బతికున్న మనిషి పక్కనున్న ఇత్తడి బిళ్ళ మీద వేలు పెడతాడు. తల్లీబిడ్డలు అవునో కాదో పావుగంటలో వచ్చేస్తుంది. కాదని వస్తే, రిజిస్టరులో రాసిన బిడ్డ ఎప్పుడో పోయాడనీ, ఆ పేరు ఇంకెవడో వాడుకుంటున్నాడనీ ఆనవాలు తీర్మానించి, తానే సవరణ రాసేస్తుంది.

అందులో తప్పేముంది? చచ్చిపోయిన పిల్లల పేర్లతో భూములు కాజేసిన ఘనులు ఆ జిల్లాలోనే నాలుగొందల మంది బయటపడ్డారు. సవరణలు వెనక్కి తీసుకోమని పెద్దపెద్దవాళ్ళు బతిమాలారు, బెదిరించారు. అప్పుడే హైమావతి పట్టుబట్టి చట్టంలో ఒక నిబంధన పెట్టించింది. ఆనవాలు రాసిన దాని మీద మనిషి చెయ్యి పడకూడదు, మంత్రిదైనా సరే, తనదైనా సరే. ఒక్కటే మినహాయింపు. రిజిస్టరులో తల్లిగా ముద్ర వేసిన మనిషి బతికుండి, మళ్ళీ వేలిముద్ర వేసి, ఈ బిడ్డ నా బిడ్డ కాదు అంటే తల్లి గడి ఖాళీ అవుతుంది. ఖాళీ గడితో పేచీ ఉండదు కనుక బతికున్నవాడు బతికున్నట్టే లెక్క.

మీ అమ్మ ఎక్కడుందని హైమావతి పెంటయ్యని అడిగింది. పోయి ముప్ఫై ఏళ్ళయిందన్నాడు. అయితే చేయగలిగింది లేదని ఆమె చెప్పింది, మర్యాదగానే చెప్పింది. పెంటయ్య రెండు చేతులూ బల్ల మీద చాపాడు. ఎడమ ముంజేతి మీద డయాలిసిస్ సూది గుచ్చే చోట నరం ఉబ్బి ఉంది.

"ఇవి సచ్చిపోయినోడి సేతులా అమ్మా?" అన్నాడు.

దరఖాస్తు రాసి పెట్టెలో వేసి వెళ్ళమంది. అతను వేసి వెళ్ళాడు. దాని మీద 'తిరస్కరించడమైనది' అని మూడో రోజున సంతకం పెట్టింది కూడా ఆమే.

ఆ నెలలో అలాంటి సవరణలు నూట నలభై మూడయ్యాయి. హైమావతి దగ్గర పనిచేసే సన్యాసిరావుకి మాత్రం అది మింగుడుపడలేదు. నూట నలభై మూడు మందిలో సెంటు భూమి ఉన్నవాడు ఒక్కడూ లేడు. "భూమి లేనోడి పేరు దొంగిలించి ఎవడేటి సేసుకుంటాడు మేడమ్?" అని అడిగాడు. జాబితా తెచ్చి చూపించాడు. పెంటయ్య, పెంటమ్మ, తవిటయ్య, తవిటమ్మ, తవిటిరాజు, మళ్ళీ తవిటమ్మ.

హైమావతి ఆ కాగితాన్ని ఒకసారి చూసి పక్కన పెట్టేసింది. పాతకాలపు పల్లెటూరి పేర్లు, అంతేగా అంది. ఆ పేర్లంటే ఆమెకి చిన్నప్పట్నుంచీ సిగ్గు. బడిలో తండ్రి పేరు అడిగితే టి. నాయుడు అని చెప్పేది, పూర్తిగా ఏమిటని టీచరు రెట్టించినా పెదవి విప్పేది కాదు. ఆయన పేరు తవిటినాయుడు. ఆ పేరు ఎందుకొచ్చిందో ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు మహాతల్లి.

తవిటినాయుడికి అరవై రెండేళ్ళు. మూత్రపిండాలు రెండూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్ మంచం మీద పడుకుంటాడు. కూతురు తన కిడ్నీ ఇస్తానంది, ఇద్దరికీ సరిపోతుందని డాక్టర్లూ అన్నారు. కిడ్నీ ఇవ్వాలంటే ఇచ్చేవాళ్ళు రికార్డు ప్రకారం రక్తసంబంధీకులై ఉండాలి. దానికి ముందు తండ్రి జనన రికార్డు సరైనదేనని ఆనవాలు తేల్చాలి. అందుకని హైమావతి తండ్రి వేలు తానే పట్టుకుని ఇత్తడి బిళ్ళ మీద ఆనించి, ఆయన పుట్టిన ఊరు దిబ్బలపేట రిజిస్టరు తెప్పించమని రాసి, ఫైలు ఆనవాలుకి పంపించింది. ఆపరేషన్ మూడో గురువారం అన్నారు.

రిజిస్టరు రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండో రోజు మధ్యాహ్నం ఆమె తండ్రి మంచం పక్కన కూర్చుని బత్తాయి తొనలు ఒలుస్తోంది. ఆయన తినకూడదు, ఆమె తింటూంటే చూసి సంతోషిస్తాడు. పక్క మంచం ఖాళీగా ఉంది.

పెంటయ్య పోయాడని ఆయన చెప్పాడు. రికార్డులో చచ్చిపోయినట్టుందని మంచం ఇవ్వలేదట, పదహారు రోజులు ఇంటి దగ్గర ఉండి పోయాడట. భార్య వచ్చి అతని దుప్పటి పట్టుకెళ్ళింది. "మీ ఆపీసేనంటగదమ్మా అది?" అన్నాడు తండ్రి. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

హైమావతి నోటిదాకా తెచ్చిన తొనని మళ్ళీ తొక్కల్లో పెట్టేసింది.

"వాడూ నాలాటోడే పాపం" అంటూ ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. తనకి ముందు ముగ్గురు పిల్లలు పుట్టి పుట్టి పోయారు. నాలుగోవాడు పుట్టగానే తల్లి అచ్చియ్యమ్మ, యముడికి వాడు తన బిడ్డని తెలియకూడదని, వడ్లు దంచుకుని బతికే పోలమ్మకి చేటెడు తవుడు పుచ్చుకుని అమ్మేసింది. పోలమ్మకి మొగుడూ ఇద్దరు పిల్లలూ ఒకే ఏడు పోయారు. దోచుకోవాల్సినదంతా దోచుకున్న గుడిసెలోకి యముడు మళ్ళీ ఎందుకొస్తాడని అచ్చియ్యమ్మ ఆలోచన. పెంటయ్యనైతే పెంటకుప్ప మీద పడేసి, ఊరు ఊడ్చే ఆమె చేత ఏరించుకున్నారు. అక్కడితో ఆగినా బాగుండేది. చిత్రగుప్తుడు కరణంగారి రిజిస్టరు చూసే తన చిట్టా రాసుకుంటాడని ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఒక నమ్మకం. అందుకని కొనుక్కున్న ఆమె చేతే తల్లి గడిలో వేలిముద్ర వేయించేవాళ్ళు. కరణాలు కూడా పోనీలే అని ఊరుకునేవారు. తరవాత బిడ్డ కన్నతల్లి దగ్గరే పెరుగుతాడు, పుస్తకంలో మాత్రం కొన్నతల్లే తల్లి.

ఏటా పుట్టినరోజుకి తాను పోలమ్మ ఇంటికి చేటెడు తవుడు మోసుకెళ్ళి ఇస్తానని, తవుడమ్మా అని పిలిస్తే ఆ ముసలిది మురిసిపోతుందని చెప్పి తవిటినాయుడు నవ్వాడు.

హైమావతి లేచి పరుగెత్తింది. ఆటోలో కూర్చున్నాక ఆమెకి పూర్తిగా అర్థమైంది. నూట నలభై మూడు మంది దొంగలు కారు. వాళ్ళు తల్లులు దాచుకున్న బిడ్డలు. దాచిన చోటే తన యంత్రం వెలుగేసి వెతికి, బతికున్నవాళ్ళని పట్టి చచ్చిపోయినవాళ్ళలో కలిపింది. యముడు మోసపోయాడు గానీ ఆనవాలు మోసపోలేదు, కాదు కాదు, మోసపోయింది ఆనవాలే. ఎలా అనుకున్నా ఫలితం ఒకటే.

ఆమె వెళ్ళేసరికి వెలుగు ముద్ర మీద పాకడం పూర్తయింది. తెర మీద ఎర్ర అక్షరాలు. 'రౌతు తవిటినాయుడు. శైశవంలోనే మృతి.' దాని కింద ఇంకో వరుస. 'రౌతు హైమావతి. తండ్రి: నమోదు లేదు.'

డైరెక్టరు పాణిగ్రాహి చెడ్డవాడు కాదు. ఆమె చెప్పిందంతా విన్నాడు. రిజిస్టర్లలో తల్లి గడిలో ఉన్నవాళ్ళంతా తల్లులు కారని ఒప్పుకుంటే సవరణలన్నీ తిరగదోడాలి, ఆ నాలుగొందల మంది భూబకాసురులు రేపే కోర్టుకెళ్ళి, మా అమ్మలూ తవుడికే కొన్నారు అంటారు అన్నాడు. అది నిజమే. కన్నతల్లి ముద్ర ఇంకెక్కడైనా దొరికితే సరిపోల్చవచ్చేమో చూడమన్నాడు. దొరకదని హైమావతికి తెలుసు. మామ్మ అచ్చియ్యమ్మ వయోజన విద్యలో చేరి పేరు రాయడం నేర్చుకుంది. ఆ తరవాత చచ్చేదాకా వేలిముద్ర వేయమంటే అవమానంగా చూసి, వంకర అక్షరాలతో సంతకం పెట్టి మురిసిపోయేది. పెన్నుతో పెట్టిన సంతకంలో చర్మం ఉండదు.

చివరికి పాణిగ్రాహి పెంటయ్య దరఖాస్తు తీసి ఆమె ముందు పెట్టాడు. "ఇతన్ని కాదని మీ నాన్నగారికి చేస్తే మనం ఎవరమవుతామమ్మా?" అన్నాడు. దాని మీద ఆమె సంతకం చక్కగా కుదిరింది.

సవరణ వచ్చిన పదో రోజుతో డయాలిసిస్ మంచం ఆగిపోతుంది. మిగిలిన దారి ఒక్కటే, పోలమ్మ. తండ్రితో కలిపి నూట నలభై నాలుగు మంది కొన్నతల్లుల్లో ఇంకా బతికున్నది ఆవిడ ఒక్కతే. హైమావతి అదృష్టం ఎలా ఉందో చూడండి.

దిబ్బలపేటలో పోలమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఎనభై ఏడేళ్ళు. కళ్ళకి పొర కమ్మింది, వేళ్ళతోనే వెతికి ఏరుతోంది. కాళ్ళ చప్పుడు విని ఎవరని అడిగి, తెలుసుకుని, నా కొడుకెలగున్నాడని అడిగింది. హైమావతి పక్కన చతికిలబడి అంతా చెప్పింది. ఒక్క ముద్ర వేస్తే చాలు, ఆయన నా కొడుకు కాదు అని ఒక్క మాట చెబితే చాలు, నా కిడ్నీ ఇచ్చి బతికించుకుంటాను అంది.

పోలమ్మ చేట పక్కకి జరిపింది.

"ఆ మాట నాను అనను అమ్మీ" అంది. "మీ మామ్మ నా సేత ఒట్టేయించుకుంది. ఎవులొచ్చి అడిగినా, ఎప్పుడడిగినా వాడు నా కొడుకే. కాదన్న రోజున ఆడికి తెలిసిపోద్ది."

"ఎవరికి మామ్మా?"

"మీ మామ్మ పిల్లలు ముగ్గుర్నీ, నా ఇంట్లో ముగ్గుర్నీ తినీసినోడికి."

హైమావతి యంత్రం గురించి చెప్పింది, చట్టం గురించి చెప్పింది, ఏడ్చింది, కాళ్ళు పట్టుకుంది. ముసలామె ఆమె తల నిమురుతూనే ఉంది, మాట మాత్రం మార్చలేదు. "నువ్వు పది రోజులకి బయపడతన్నావు. నాను అరవై రెండేళ్ళబట్టి బయపడతన్నాను. నా పిల్లల్ని కాసుకోనేకపోనాను. ఈ ఒక్కడినీ కాసుకున్నాను. నా సేత కాదనిపించకే" అంది.

ఇంత ప్రేమని ఏం చేయాలి? తిట్టడానికి లేదు, కొట్టడానికి లేదు. హైమావతి తిరిగి వచ్చేసింది. రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు మళ్ళీ వెళ్ళింది, ఈసారి కాగితాలు మార్చి.

పైన కంటి ఆపరేషన్ శిబిరం ఫారం. కింద, బొటనవేలు పడే చోట మాత్రం తెరిచి ఉంచి, ఇంకో కాగితం. ఆ మాట ఇంక అడగనని, కళ్ళకి పొర తీయిస్తానని, ఆపరేషన్ అయ్యాక నాన్నని నీ కళ్ళతో చూద్దువుగాని అని చెప్పింది. పోలమ్మ ముఖం విప్పారింది. "ఎక్కడెయ్యమంటే అక్కడేత్తాను, నా కొడుకు కూతురివి" అంటూ వేలు చాపింది. దంచి దంచి అరిగిపోయిన వేలు. హైమావతి దాన్ని పట్టుకుని సిరాలో అద్ది, అటూ ఇటూ దొర్లించి, గట్టిగా నొక్కింది. చర్మం బాగా అంటుకోవాలి కదా, ఆమెకి తెలిసినంత ఎవరికి తెలుసు?

ఆనవాలుకి పావుగంట పట్టింది. 'తవిటినాయుడు. తల్లి: నమోదు లేదు. జీవించి ఉన్నారు.' హైమావతికి తండ్రి తిరిగొచ్చాడు. ఆ ముద్ర ఎలా పడి ఉంటుందో ఊహించిన సన్యాసిరావు, ఆ రోజు టీ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఒక సంగతి ఆమె మర్చిపోయింది, పైగా అది ఆమె పెట్టిన నిబంధనే. ఎవరి వేలిముద్రతో సవరణ జరిగిందో ఆ మనిషికి నోటీసు వెళ్ళాలి. చదువురానివాళ్ళకి గ్రామ సచివాలయం ఉద్యోగి ఇంటికెళ్ళి, ఒక్క అక్షరం వదలకుండా, గట్టిగా చదివి వినిపించాలి. పేదవాళ్ళని ఎవరూ మోసం చేయకూడదని, ఏడేళ్ళ కిందట ఎంతో ముచ్చటపడి ఆ వాక్యం రాసింది.

ఆపరేషన్‌కి ముందు సోమవారం, సచివాలయం నుంచి ఒక అమ్మాయి పోలమ్మ గుమ్మంలో నిలబడి చదివింది. "రౌతు తవిటినాయుడు అను వ్యక్తి మీ కుమారుడు కాడని మీరు మీ వేలిముద్ర ద్వారా తెలియజేసినందున..." పోలమ్మ మళ్ళీ చదవమంది. ఆ అమ్మాయి మళ్ళీ చదివింది. పోలమ్మ తన బొటనవేలిని ముఖానికి దగ్గరగా పెట్టుకుని, కనబడకపోయినా, చాలాసేపు చూసిందట.

ఆ తరవాత ఆవిడ ముద్ద ముట్టలేదు, నీళ్ళు ముట్టలేదు. గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. ఇరుగుపొరుగు వచ్చి బతిమాలితే ఒకటే మాట. "ఆడు బయల్దేరిపోనుంటాడు. ముందు నన్ను దాటుకెళ్ళమను." గురువారం మధ్యాహ్నం హైమావతి కిడ్నీ తవిటినాయుడి ఒంట్లో పనిచేయడం మొదలుపెట్టిన వేళకి, పోలమ్మ ఆ గుమ్మంలోనే ఒరిగిపోయింది.

శుక్రవారం హైమావతికి పూర్తిగా తెలివొచ్చింది. పక్కటెముకల కింద కోత మండుతోంది. సన్యాసిరావు వచ్చి, కళ్ళలోకి చూడకుండా, ఆఫీసు టాబ్లెట్ పలక చేతికిచ్చాడు. దిబ్బలపేట నుంచి వచ్చిన ఫారం. రికార్డు ప్రకారం రక్తసంబంధీకులు లేని శవాన్ని ఊరివాళ్ళు దహనం చేయకూడదు, కోతలకి వైద్య కళాశాలకి పంపాలి. ఊళ్ళోవాళ్ళు శవాన్ని కదలనివ్వడం లేదు. కొడుకున్నాడు, తలకొరివి వాడు పెట్టాలి, వాణ్ణి పిలవండి అంటున్నారు. ఏదో ఒకటి కేంద్రమే తేల్చాలి.

ఫారంలో ఒకటే ప్రశ్న. 'మృతురాలికి సంతానం ఉన్నారా?' ఆనవాలు ముందే రాసి పెట్టింది: 'లేరు.' అధికారి అంగీకరిస్తే కింద వేలిముద్ర వేయాలి. అంగీకరించకపోతే పోలమ్మ వేసిన రెండో ముద్ర మీద విచారణ మొదలవుతుంది. అది మోసమని తేలుతుంది. తల్లి గడిలోకి పోలమ్మ తిరిగి వస్తుంది. తవిటినాయుడు మళ్ళీ చచ్చిపోతాడు. చచ్చిపోయినవాడికి మంచం లేదు, కొత్త కిడ్నీని ఒళ్ళు తోసేయకుండా రోజూ వేసే మందూ లేదు.

అద్దం అవతల గదిలో తండ్రి నిద్రపోతున్నాడు. బుగ్గలకి రంగు వచ్చింది. హైమావతి చాలాసేపు ఆయన్నే చూసింది. తరవాత పలక మీద బొటనవేలు ఆనించి, కదలకుండా పట్టుకుంది. ఏడుపు వస్తే కోత లాగి ప్రాణం పోతున్నట్టుంది, అయినా ఏడ్చింది. సన్యాసిరావు పలక తీసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు అతని రాజీనామా వచ్చింది.

అయిదో రోజుకి తవిటినాయుడు లేచి దిండుకి చేరబడి కూర్చున్నాడు. కూతుర్ని చక్రాల కుర్చీలో తెచ్చి పక్కన పెట్టారు. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఏం మాట్లాడినా కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి ఆయనకి. నన్ను రెండుసార్లు కొనుక్కున్నారమ్మా, ఒకసారి తవుడిచ్చి, ఒకసారి నువ్వు నీ ఒళ్ళు కోసిచ్చి అన్నాడు. తవుడమ్మకి కబురు చేశావా అని అడిగాడు.

"చేశాను నాన్నా" అంది హైమావతి.

"ఏటంది?"

"నువ్వు బావుంటే చాలంది."

ఆయన తల ఊపాడు. వచ్చే నెల తన పుట్టినరోజనీ, డాక్టర్లు ఆర్నెల్లు ఊరెళ్ళొద్దన్నారనీ గుర్తు చేసుకుని బెంగపడ్డాడు.

"ఈ ఏడు చేటెడు తవుడు నువ్వే పట్టుకెళ్ళి ఇచ్చిరా అమ్మా" అన్నాడు. "మరిసిపోకు. ఎప్పుడూ తప్పనేదు. కొత్త తవుడు అడిగి తీస్కో, పాతదైతే సేత్తో పట్టి సూసి పోల్చీసుద్ది."

హైమావతి అలాగే నాన్నా అంది. తవుడు ఏ మిల్లులో మంచిది దొరుకుతుందని కూడా అడిగింది.